దీపం ఏం తింటది

మొన్న మా చిన్నమ్మమ్మ దినాలకి పోయిన. పొద్దున్నే బస్సు దిగి కాలనీ మలుపు దాకా వచ్చేసరికి వాసన తగిలింది. మలుపు కాడ చాయ్ హోటలాయన పొయ్యి అంటువెడుతున్నడు, కట్టెబొగ్గు కాదు, రాక్షసి బొగ్గు. అది సరిగ్గా రాజుకునే ముందు ముద్దలు ముద్దలుగా పసుపు తిరిగిన పొగ వదులుతది, గంధకమూ తారూ కలిపి కాల్చినట్టు ఉంటది, గొంతులో గీరుతది. మా ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ముందుకు నడిచిపోయింది. నేను అక్కడే బల్ల మీద కూలబడి ఒకటికి రెండు చాయ్‌లు తాగిన. మంచి వాసన అని ఎవరూ అనరు, నేనూ అనను, కానీ నాకు ఆ వాసనంటే సాయంత్రం ఆరు గంటలు, అంతే.

మేం పెరిగింది గోదావరిఖని దిక్కు, బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లలో. మా దిక్కు గని అనరు, బాయి అంటరు. బాపు "బాయికి పోతున్న" అంటే నీళ్లు చేదుకునే బాయికి కాదు, భూమి లోపలికి. రెండు గదులు, ముందర చిన్న అరుగు, పైన సిమెంటు రేకులు. లైన్‌కి ఇరవై ఇండ్లు. సాయంత్రం అయ్యిందంటే ప్రతి ఇంటి ముందర ఒక పొయ్యి బయటికొచ్చేది. పాత రేకు బకెట్‌కి కింద కంత కొట్టి, మధ్యల ఇనుప చువ్వలు అడ్డం పెట్టి, లోపల మట్టి మెత్తిన పొయ్యి అది. అడుగున పిడకలు, మీద పుల్లలు, ఆ మీద బొగ్గు పెళ్లలు, ఇంత గ్యాస్‌నూనె. గ్యాస్‌నూనె అంటే కిరోసిన్, ఇప్పటి పిల్లలకి చెప్పాలె గదా. పొగంతా పోయి పెళ్లలు ఎర్రగా అయినంక అమ్మ రెండు పేలికలతో పట్టుకుని దాన్ని లోపలికి తెచ్చేది. ఆ అరగంట మాత్రం లైన్ మొత్తం పొగే. ఎదురింటోళ్లు కనపడేటోళ్లు కాదు, మాటలు మాత్రం వినపడేవి, ఏం కూర వదినె అని ఇటునుంచి, వంకాయ అని పొగలోంచి. ఆ టైంల దాగుడుమూతలు ఆడితే దాక్కునే పనే లేదు, ఉన్నకాడ ఉంటే చాలు.

శనివారం తెల్ల యూనిఫాం. ఆ తెలుపు ఎన్నడూ తెలుపు కాలేదు. అమ్మ నీలిమందు పెట్టి ఆరేస్తే బొగ్గు నుసి వచ్చి వాలేది, పొద్దున తుడిచిన కిటికీ చువ్వలు సాయంత్రానికి వేలితో పేరు రాసుకునేటట్టు అయ్యేవి. నేను నిజంగా రాసేటోన్ని. తిట్లు కూడా తినేటోన్ని.

బాపు మొదటి షిఫ్ట్ దిగి వస్తుంటే దూరం నుంచి పండ్లూ కండ్లూ కనపడేవి. కాళ్లూ చేతులూ ఎంత రుద్దినా కనురెప్పల అంచున నలుపు పోయేది కాదు, కాటుక పెట్టినట్టు ఉండేది, పెండ్లిళ్లకి పోతే మా అమ్మ చుట్టాలు నవ్వేటోళ్లు. దగ్గి రుమాలుల ఉమ్మితే రుమాలు నల్లగ. అదేదో జబ్బు అని అప్పుడు తెలియదు, అందరి నాయినలూ అట్లనే ఉమ్ముతరు అనుకున్నం. సైరన్ కూతని బట్టి బడికి పోయేది, సైరన్ కూతని బట్టి అన్నం తినేది, గడియారం ఇంట్ల ఉండెనా లేదా అన్నది నాకు ఇప్పుడు గుర్తు కూడా లేదు.

*

తర్వాత హీటర్ వచ్చింది. మా కథ అసలు మారింది అప్పుడే.

క్వార్టర్లకి కరెంట్ ఉత్తదే. మీటర్ అన్న డబ్బా నేను మొదటిసారి చూసింది పట్నం వచ్చినంకనే. బిల్లు లేదు, కోత లేదు. ఎవరో ఒకాయన హీటర్ తెచ్చి అన్నం వండి చూపించిండు, నెల తిరిగేసరికి లైన్ మొత్తం హీటర్లే. పొగ లేదు, బొగ్గు మోసుకొచ్చుడు లేదు, అమ్మ ఎంత సంబరపడ్డదో. తప్పు పట్టను, నలభై ఏండ్లు పొగ మింగిన ఆడవాళ్లు వాళ్లు.

ఆ హీటర్ ఎట్ల ఉండేదో చెప్పాలె. గుండ్రటి పింగాణీ పళ్లెం, దాని మీద పాము చుట్టుకున్నట్టు గాడి, ఆ గాడిల స్ప్రింగ్ లాంటి కాయిల్. ప్లగ్ పెడితే ముందు మసకగ, తర్వాత కుంకుమ రంగుల, తర్వాత నారింజ రంగుల మండేది, సన్నగ ఒక రొద. ఇనుప గంటె పెడితే షాక్, అందుకని చెక్క తెడ్డు. పప్పు పొంగి కాయిల్ మీద పడిందా, టప్పుమని మెరుపు మెరిసి తెగిపోయేది. అప్పుడు బాపు కూసొని తెగిన రెండు కొసలనీ పట్టకారుతో కొంచెం సాగదీసి ఒకదాన్నొకటి కొక్కెం లెక్క తగిలించేటోడు. ముడి వేసిన కాడ కొంచెం తీగ పోతది గదా, కాయిల్ పొట్టిగ అయ్యేది, పొట్టిగ అయితే ఇంకా ఎక్కువ కాలేది, ఎక్కువ కాలితే ఇంకా తొందరగా తెగేది. ఐదారు ముడులు పడ్డ కాయిల్ మీద అన్నం పది నిమిషాలకి మాడిపోయేది. అది నాకు ఫిజిక్స్ సార్ చెప్పకముందే తెలుసు. తెగినా నష్టం లేదు, కొత్త కాయిల్ సైకిల్ షాపుల కూడా దొరికేది.

ఇగ చలికాలం వస్తే చూడాలె. నీళ్లు కాగుడు హీటర్ మీద, గది వెచ్చగ ఉంటదని హీటర్, బట్టలు ఆరడానికి కుర్చీ పక్కన హీటర్. అరుగు మీది బల్బు పగలు కూడా వెలుగుతనే ఉండేది, దాన్ని ఆర్పాలె అన్న సోయి ఎవరికీ లేదు. గాలికి పైసలిస్తమా, ఇదీ అట్లనే.

*

మా అమ్మమ్మ ఊరు మా క్వార్టర్లకి ఐదారు కిలోమీటర్లు, అంతే. సైకిల్ మీద ముందర చిన్న సీటు మీద నేను, వెనక క్యారియర్ మీద అమ్మ, బాపు తొక్కేటోడు. మక్కచేన్లు, ఒక వాగు, ఈతచెట్లు, ఊరి మొదట్ల పెద్ద చింతచెట్టు, దాని కింద పోచమ్మ. ఆ ఐదారు కిలోమీటర్లల కరెంట్ మాయమయ్యేది. ఊర్ల స్తంభాలున్నయి, తీగెలున్నయి, బల్బు కూడా ఉంది ఇంటికొకటి, కానీ అది ఎప్పుడొస్తదో ఎప్పుడు పోతదో దేవునికెరుక. వచ్చినా లోపలి తీగె ఎర్ర దారంలా కనపడేంత వెలుగే, దాని వెలుతురుల దాన్నే చూడొచ్చు, ఇంకోటి చూడరాదు. అందుకని పొద్దు గూకంగనే అమ్మమ్మ కందిలి గాజుని ముగ్గుబూడిదతో తోమి, పాత పంచె పేలికతో తుడిచి, వత్తి కత్తిరించి పెట్టుకునేది.

ఆ ఊరి మీదికెల్లి పెద్ద తీగెలు పోయేవి. రామగుండంల కేంద్రం వాళ్ల పెద్ద థర్మల్ స్టేషన్ మొదటి యూనిట్ 1983ల మొదలైంది, తర్వాత పెరిగి పెరిగి 2600 మెగావాట్లు అయ్యింది, అక్కడినుంచి పట్నం దిక్కు పోయే 400 కేవీ లైన్లవి. అమ్మమ్మ వాళ్ల చేనుల ఒక టవర్ ఉండేది, నాలుగు కాళ్ల మధ్య సజ్జలు వేసేటోళ్లు. చిన్న జల్లు పడ్డ రోజు కింద నిలబడితే తేనెతుట్టె కదిలినట్టు గుయ్యిమనేది. అమ్మమ్మ నెత్తి మీద గంప పట్టుకుని పైకి చూసి అనేది, "గింత లావు తీగెలు మన చేను మీదికెల్లి పోతయి, ఒక్క సుక్కన్నా కిందికి జారదేంది బిడ్డా." ఎండాకాలం బయట మంచాలేసుకుని పండుకుంటే దూరంగ చిమ్నీల మీది ఎర్ర దీపాలు ఆరుతూ వెలుగుతూ కనపడేవి. ఊరంత చీకటి, ఆడ దీపాలు. వాటిని లెక్కపెట్టుకుంటనే నిద్రపోయేది మేము.

రాత్రి ఇంకొక చప్పుడు, రైలు. బొగ్గు నింపుకుని పోతది, ఖాళీగ వస్తది, మళ్ల పోతది. వేరే ఏ ఊరికీ పోదు. బాయిల కాడికెల్లి థర్మల్‌కి, థర్మల్ కాడికెల్లి బాయిలకి, ఇదే తిరుగుడు, రాత్రీ పగలూ. దారి తప్పిన రైలు పాపం అని నేను మా మామతో అంటే వాడు ఊరంత చెప్పి నవ్విండు. దాన్ని మెర్రీ గో రౌండ్ అంటరనీ, థర్మల్ కాడ ఆ డబ్బాల అడుగులు తెరుచుకుని బొగ్గు కిందికి రాలిపోతదనీ పెద్దయినంక తెలిసింది.

అమ్మమ్మ మా క్వార్టర్‌కి వస్తే మాత్రం యుద్ధమే. పగలు వెలిగే బల్బు చూస్తే ఆమెకి ఒంటి మీద తేళ్లు పాకినట్టుండేది. స్విచ్ ఆమెకి అందదు, పొట్టిమనిషి, చేతికర్ర కొసతో టక్కుమని ఆర్పేది. మా ఇంట్లనే కాదు, పక్కింట్ల అరుగు మీదివి కూడా. పిల్లలు మళ్ల వేసేటోళ్లు, ఆమె మళ్ల ఆర్పేది. ఒకరోజు నన్ను పక్కన కూసోబెట్టుకుని అడిగింది.

"ఈ దీపం ఏం తింటది బిడ్డా?"

కందిలికి గ్యాస్‌నూనె, ప్రమిదెకి ఆముదం, దీనికి ఏంది అని ఆమె లెక్క. నేను బడిల చదువుకున్నోన్ని గదా, గర్వంగ చెప్పిన, బొగ్గు తింటది అమ్మమ్మా, బాపు తెచ్చే బొగ్గే.

"ఎంత తింటది?"

అది నాకు తెల్వదు. సార్‌కి తెలుసో లేదో. ఆమె కాసేపు చూసి, "మీ నాయిన ఒక్కడు తెచ్చేది చాలదు తియ్యి" అని లేచిపోయింది.

*

బాపు బాయి గురించి ఎక్కువ చెప్పేటోడు కాదు. చెప్పిన రెండు మూడు మాత్రం పోలేదు నా నెత్తిలకెల్లి. ఒకటి చీకటి. లోపల ఒకసారి క్యాప్ ల్యాంప్ ఆరిపోతే కండ్లు తెరిచినా మూసినా ఒక్కటేనట, చెయ్యి ముఖం ముందు ఊపుకుంటే గాలి తగులుతది గానీ చెయ్యి కనపడదట. "ఊర్ల అమాస చీకటి, చీకటే కాదురా, అండ్ల చుక్కలుంటయి" అనేటోడు. నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పగలు పండుకోవడానికి కిటికీలకి పేపర్లు అతికించేది అమ్మ. చీకట్ల పని చేసి వచ్చి చీకటి చేసుకుని పండుకునుడు, ఎంత చిత్రం.

రెండోది కర్ర. లోపలికి పోంగనే ముందు పైకప్పుని కర్రతో కొట్టి చూడాలె. గట్టి రాయి అయితే గణ్ అంటది, ఊడడానికి సిద్ధంగ ఉన్నదైతే బొద్దు చప్పుడు చేస్తది, ఆ తేడా చెవికి తెలిసినోడే బతుకుతడు. ఆ అలవాటు ఇంట్ల కూడా పోలేదు. పుచ్చకాయ కొన్నా, కుండ కొన్నా, ఎవరి కొత్త ఇంటికి పోయినా వేలి గనుపుతో కొట్టి చెవి పెట్టేటోడు. నేను పెండ్లి సంబంధం చూడడానికి పోయినప్పుడు కూడా వాళ్ల గోడ కొట్టి చూసిండు, మా మామగారు ఇప్పటికీ అంటడు.

మూడోది భద్రాచలం కథ. రాముల వారి దర్శనానికి పోయేటోళ్లు ఇల్లందు దగ్గర అడవిల ఆగి, మూడు నల్లరాళ్లు పెట్టి అన్నం వండుకుంటుంటే రాళ్లే అంటుకున్నయట. మా దిక్కు అందరూ చెప్పుకునే కథ ఇది. కాయితాల మీద ఉన్నదైతే 1871ల విలియం కింగ్ అనే జియాలజిస్ట్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టుడు, 1886ల ఇంగ్లండ్‌ల పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వుకునే హక్కు తీసుకునుడు, 1920ల సింగరేణి పేరుతోని కొత్త కంపెనీ పుట్టి దాని ఆస్తులన్నీ తీసుకునుడు. సింగరేణి అన్నది ఒక పల్లె పేరు. ఒక్క పల్లె పేరు అన్నా అట్ల మిగిలింది.

ఆ బొగ్గు వయసు పాతిక కోట్ల ఏండ్ల పైమాటే. అన్ని కోట్ల ఏండ్లు కింద పడుకున్న అడవి మీద మా అమ్మ పప్పు పొంగిచ్చి టప్పుమనిపిచ్చేది అనుకుంటే నవ్వొస్తది ఇప్పుడు.

*

అండర్‌గ్రౌండ్ బాయి ఉన్నన్ని రోజులు పైన ఊరు ఊరులెక్కనే ఉంటది. లోపల పైకప్పు ఆగడానికి బొగ్గునే స్తంభాలుగ వదిలేస్తరు, ఎంతో కొంత లోపలే ఉండిపోతది. ఓపెన్ కాస్ట్ అట్ల కాదు. పైన ఉన్నదంతా తీసేయాలె. చెట్టు, చేను, బాయి, బండరాయి, అన్నీ. దాన్ని ఓబీ అంటరు, ఓవర్ బర్డెన్, అంటే పైన పడ్డ బరువు అని. మా అమ్మమ్మ ఊరుని కూడా లెక్కల ఓబీ అనే రాసుకుంటరు అని బాపు ఒకసారి అన్నడు, అన్నం తింటూ, ఏ భావం లేకుండ.

ముందు సర్వే రాళ్లు పాతిండ్రు. తర్వాత పక్క ఊరి దిక్కు తవ్వుడు మొదలైంది, మధ్యాన్నం పూట బ్లాస్టింగ్. కిటికీలు జరజరమనేవి, బర్రెలు తాళ్లు తెంపుకునేవి, గూటి మీది కోడి గుడ్లు వదిలి ఉరికేది. ఊరి బాయిల్ల నీళ్లు ఏడాదికింత కిందికి పోయినయి, చేద తాడు సరిపోక తాడుకి తాడు ముడేసుకునేది. అంత పెద్ద గుంత పక్కన తవ్వితే నీళ్లు అటే పోతయి మరి. ఒక ఆదివారం బాపు అమ్మమ్మ ఇంటి గోడని వేలితో కొట్టి చెవి పెట్టిండు. ఇంకొకచోట కొట్టిండు. అమ్మమ్మ చూస్తనే ఉంది.

"ఏమంటది అల్లుడా?"

"డొల్ల పడ్డది అత్తమ్మా."

ఆమె ఏమనలేదు. ఆ రోజు చాపలపులుసు వండింది.

పైసలు వచ్చినయి, లేదని కాదు. చెట్లకి లెక్క కట్టిండ్రు, మామిడికి ఇంత, ఈతచెట్టుకి ఇంత, ఇంటి దూలాలకి ఇంత. కాలనీల జాగలిచ్చిండ్రు. మా మామ ఆ పైసలతో జీపు కొన్నడు, రెండేండ్లల జీపూ లేదు పైసలూ లేవు. అది మా ఇంటి తప్పు, ఎవర్నీ అనేది లేదు. చేను ఉన్నన్ని రోజులు మామకి పొద్దున లేస్తే పని ఉండేది, పైసలున్నంక పని లేకుండ పోయింది, అట్ల అయ్యింది.

పోయే ముందు ఊరంత కలిసి పోచమ్మకి బోనాలు చేసిండ్రు. డప్పులు కొట్టుకుంట ఆ రాళ్లని ఎడ్లబండి మీద పెట్టుకుని కొత్త కాలనీకి తీస్కపోయిండ్రు. ఇండ్ల కాడ ఎవరికి వాళ్లు గూనపెంకలు దింపుకున్నరు, దూలాలు పీక్కున్నరు. అమ్మమ్మ తన దర్వాజ అడిగింది. టేకు దర్వాజ, చౌకట్ల మీద చిలకలు చెక్కినయి, గడప మధ్యల కాళ్లు పడీ పడీ గుంట పడింది. దాన్ని నలుగురు మోసుకొచ్చిండ్రు గానీ కొత్త స్లాబు ఇంట్ల దానికి జాగ లేదు, కొలతలు కుదరలేదు. ప్రహరీ గోడకి ఆనిచ్చి పెట్టిండ్రు, తర్వాత చూద్దాం అని.

కొత్త ఇంట్ల అమ్మమ్మకి ట్యూబ్‌లైట్ వచ్చింది, ఫ్యాన్ వచ్చింది. స్విచ్‌లు కిందికి పెట్టించిండు మామ, ఆమె చెయ్యికి అందేటట్టు. ఆమె ట్యూబ్‌లైట్ ఆర్పేసి చీకట్ల కూసునేది, కందిలి మాత్రం మేకుకి వేలాడుతనే ఉండేది, నూనె లేకుండ.

*

ఇప్పుడు హైదరాబాద్‌ల మా అపార్ట్‌మెంట్‌ల రెండు ఏసీలు, గీజర్, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, వైఫై, పిల్లల చార్జర్లు. పోయిన మే నెల బిల్లు 600 యూనిట్లు దాటింది. ఎందుకో ఆ రోజు బిల్లు కాయితం వెనక లెక్క వేసిన, అమ్మమ్మ అడిగిన లెక్క.

బొగ్గు కరెంట్ ఒక్క యూనిట్‌కి సుమారు 600 నుంచి 700 గ్రాముల బొగ్గు కావాలె. 600 యూనిట్లంటే నాలుగు క్వింటాళ్ల దగ్గర. మా దిక్కు ఓపెన్ కాస్టులల్ల టన్ను బొగ్గు బయటికి రావాలంటే ఐదారు క్యూబిక్ మీటర్ల మట్టీ రాయీ తీసి పక్కన పొయ్యాలె, అంటే నా ఒక్క నెల బిల్లుకి దాదాపు ఒక ట్రాక్టర్ ట్రాలీ. మన దేశపు బొగ్గుల నూటికి ముప్పై నలభై పాళ్లు బూడిదే, అంటే దాదాపు మూడు సిమెంటు బస్తాల బూడిద. అది నీళ్లల్ల కలిపి పైపుల ద్వారా బూడిద చెరువుకి పోతది, ఎండాకాలం గాలి లేస్తే మళ్ల ఊర్ల మీదికొస్తది, దండెం మీది బట్టలకి తెలుస్తది. దారిల తీగెలల్ల పోయే కరెంట్ నేను లెక్కపెట్టలే. మొత్తం బొగ్గు కరెంటే కాదు, శ్రీశైలం, సాగర్ నీళ్లున్నయి, సోలార్ ఉంది, తెలుసు. అయినా దేశంల నూటికి డెబ్బై పాళ్ల పైన ఇప్పటికీ బొగ్గే. ఏసీ 24 మీద పెట్టుకుని దుప్పటి కప్పుకునే మనిషిని నేను, మీకేం చెప్తా. ఒక్కటి మాత్రం, ఆఫీస్‌ల ఎవరూ లేని రూంల లైట్లుంటే నా చెయ్యి ఊకోదు, గొడుగు కొసతో ఆర్పిన రోజు కూడా ఉంది. కొలీగ్స్ పిసినారి అంటరు.

*

మొన్న దినాలయినంక సాయంత్రం మామ నన్ను మట్టిగుట్ట మీదికి తీస్కపోయిండు. మేం చిన్నప్పుడు లేని గుట్ట అది. మనుషులు పోసిన గుట్ట, మెట్లు మెట్లుగ, మీద తుమ్మలూ సుబాబుల్ మొక్కలూ పెంచిండ్రు. వానకి చీలిన గాడులల్ల కాళ్లు జారుతున్నయి, మామకి అరవై దాటినయి, నాకన్న ముందు ఎక్కిండు. పైన నిలబడితే ఒక దిక్కు దూరంగ థర్మల్ చిమ్నీలు, రిజర్వాయర్ ఉండే దిక్కు కూడా చూపించిండు, ఆడ నీళ్ల మీద సోలార్ పలకలు పరిచిండ్రట, 2022ల పూర్తయింది, 100 మెగావాట్లు. ఇంకో దిక్కు, కింద, ఆ గుంత.

గుంత అన్న మాట చాలదు. అడుగున పోయే డంపర్లు అగ్గిపెట్టెలంత కనపడుతున్నయి, ఒక్కొక్కటి వంద టన్నులు మోస్తది, దాని టైరు మనిషికన్నా ఎత్తు. గోడల పొడుగూతా నల్లటి చారలు, అదే బొగ్గు, పక్కన పొర మీద కుప్ప తనంతట తానే రాజుకుని సన్నగ పొగ వస్తుంటే ట్యాంకర్ నీళ్లు కొడుతున్నది. పొద్దున చాయ్ హోటల్ వాసనే, పలుచగ.

మామ చెయ్యి చాపి చూపించిండు. "అగో, ఆడ చింతచెట్టు."

నేను కింద వెతికిన. డంపర్ల దిక్కు, నీళ్ల మడుగు దిక్కు.

"కింద కాదురా అల్లుడా. పైన. ఆడ, గాలిల. గా కొంగ పోతుంది సూడు, గంత ఎత్తుకి ఉండె మన భూమి. గా కొంగ పోయిన కాడనే మీ అమ్మమ్మ ఇల్లు."

కొంగ నెమ్మదిగ దాటిపోయింది. మామ చెయ్యి ఇంకా అట్లనే ఉంది, చింతచెట్టు, పోచమ్మ, వాగు, టవర్ ఉన్న చేను, ఒక్కొక్కటి గాలిల చూపిస్తనే ఉన్నడు. టవర్‌ని మాత్రం పడగొట్టలేదట, తీగెలని పక్కకి మలిపి వేరే కాడ పెట్టిండ్రట.

దిగి వచ్చేసరికి చీకటి పడ్డది. అమ్మమ్మ దర్వాజ ప్రహరీకి ఆని అట్లనే ఉంది, చిలకల ముక్కులు అరిగిపోయినయి, దాని మీద తువ్వాలలు ఆరేస్తున్నరు. లోపల మామ కోడలు కరెంట్ బిల్లు చూపించింది. 200 యూనిట్ల లోపు వాడితే గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తది గదా ఇప్పుడు, ఈ నెల 180 దాటిందని భయపడుతున్నది, ఫ్రిజ్ రాత్రి పూట ఆపేస్తున్ననని చెప్పింది. పాలు పాడయితలేవా అంటే నవ్వింది.

వాకిట్ల చాపలేసి బంతి కూసున్నం. అన్నం వడ్డించి చారు పోస్తుంటే టక్కుమని కరెంట్ పోయింది. కాలనీ మొత్తం ఒకేసారి ఓ అని అరిచింది, మేం చిన్నప్పుడు అరిచినట్టే. ఎవరో ఫోన్ లైట్ వెయ్యబోతుంటే మామ వద్దన్నడు.

నిజంగనే అవసరం పడలేదు. గుట్ట అవతలి నుంచి ఓపెన్ కాస్ట్ ఫ్లడ్‌లైట్ల వెలుతురు, ఆకాశం అడుగున తెల్లగ, వాకిలి దాకా వస్తున్నది. విస్తరాకుల మెతుకులు కనపడుతున్నయి, చారుల కరివేపాకు కూడా.

"తిను అల్లుడా, చల్లారుతది" అన్నడు మామ.